జెండా పాతిన గుడిసె

ఆ జెండాను నేను మూడుసార్లు చూశాను. ఇంకొకరి సొత్తు కదా అని ముట్టుకోకుండా వచ్చేశానా, లేక ఇంకొకరి సొత్తు అనుకోవడం నాకు వీలుగా ఉండి వచ్చేశానా అన్నది ఇప్పటికీ తెలియదు. ముగ్గురు ఫాదర్ల దగ్గర పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. మొదటాయన, పరుల సొమ్ము ముట్టకపోవడం పాపం కాదన్నారు. రెండో ఆయన పది మంగళవార్త జపాలు చెప్పమన్నారు. మూడో ఆయన కుర్రవాడు, పట్నం మనిషి. జెండా అంటే ఏమిటో నేను వివరించేసరికే ఆయన పడవ వేళ అయిపోయింది.

చిలొయె పెద్దదీవికి దక్షిణాన ఉన్న మా ఊరికి నేను ఉపదేశిని. ఫాదర్ గారు ఏడాదికోసారి వస్తారు, సముద్రం బాగుంటే రెండోసారి. మిగతా రోజుల్లో గుడి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. బతకదనుకున్న పసిబిడ్డ నెత్తిన జ్ఞానస్నానపు నీళ్ళు పోసేదీ, పోయినవాళ్ళ ఇంట్లో తొమ్మిది రోజుల జపం చెప్పించేదీ నేనే. నాకు ముందు మా నాన్న ఈ పని చేశాడు.

పిల్కోమ దీవిలో తిమింగలాల కర్మాగారం నడిచిన పందొమ్మిదేళ్ళలో మా ఊళ్ళో అక్కడ పనిచెయ్యని మగవాడు లేడు. నేను కొవ్వు కోసే గట్టు మీద పదకొండేళ్ళు నిలబడ్డాను. వేటపడవ తిమింగలాన్ని చంపాక వెంటనే లాక్కురాదు. పొట్టలోకి గొట్టంతో గాలి కొట్టి, మునగకుండా చేసి, వీపులో పొడవాటి వెదురు గుచ్చి, దానికో ఎర్రజెండా కట్టి, ఇంకోదాని వెనక పోతుంది. జెండా ఉన్న తిమింగలం రెండు మూడు రోజులు ఒంటరిగా తేలుతూ ఉండేది. పక్కనుంచి ఎన్ని పడవలు పోయినా ఒక్కడు కత్తి పెట్టేవాడు కాదు. ఒక చలికాలం, ఇంట్లో దుంప కూడా లేనివాడొకడు అలాంటిదాని తోక దగ్గర మూరెడు మాంసం కోసుకున్నాడు. కంపెనీవాళ్ళు కాదు, మా ఊరివాళ్ళే అతని పడవను ఒడ్డుకు లాగి గొడ్డళ్ళతో చీల్చారు. పడవ లేని ఇల్లు ఇక్కడ ఎలా బతుకుతుంది? ఆ చలికాలం దాటేలోపల అతని పిల్లలిద్దరు పోయారు. వాళ్ళకు జపం చెప్పించింది మా నాన్నే. చెప్పించి ఇంటికొచ్చి, కట్టుబాటు కట్టుబాటే అన్నాడు. జెండా కనబడితే కళ్ళు తిప్పుకోవాలని మాకు నేర్పింది అలా.

కంపెనీ ఒక మార్చి నెలలో మూతపడింది. తిమింగలాలు అయిపోయాయన్నారు. కాగితాలూ, ఈటెలు పేల్చే ఫిరంగీ, మేనేజరు గారి కుర్చీ ఓడకెక్కించుకుని పోయారు. ఇంటికప్పు ఎత్తున్న కొవ్వు బానలు, గొలుసులు, రంపాలు, పట్టాలు, రేకుల షెడ్లు, గోదాంలో కట్టలకొద్దీ వెదుళ్ళూ జెండాలూ ఉన్నచోటే వదిలేశారు. కాపలాకు ఒక్క మనిషిని పెట్టారు. అతని పేరు బెలార్మినో చిగ్వాయ్. మా పొలం పక్క పొలం అతనిది. బానల కింద మంట వేసే పని చేసేవాడు. మాట తక్కువ, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. రెండు నెలలకోసారి సరుకుల పడవ పంపిస్తామనీ, సామాను అమ్ముడుపోయేదాకా ఒక్క మేకు కూడా పోకూడదనీ అతనికి చెప్పి వెళ్ళారు.

మేకులతో ఆగలేదు. చుట్టుపక్కల దీవుల వాళ్ళందరం పడవలేసుకుని వెళ్ళి పీక్కొచ్చాం. దాన్ని దొంగతనమని మేమెవరం అనుకోలేదు. అన్నేళ్ళు మోకాలి లోతు నెత్తుట్లో నిలబడ్డవాళ్ళం, వాళ్ళు వదిలేసిపోయిన రేకు తెచ్చుకుంటే ఏమిటని అనుకున్నాం. నేను గుడి కప్పుకోసం నలభై రేకులు ఊడదీశాను. ఒక్క విడతలో తేలేక, గోదాంలోంచి ఒక జెండా తెచ్చి ఆ దొంతర మీద పాతి వచ్చాను. మూడు వారాల తరవాత వెళ్తే ఒక్క రేకు తగ్గలేదు. దాంతో అందరూ అదే పట్టుకున్నారు. ఎవరు ఏది విప్పుకుంటే దానిమీద ఒక జెండా. ఆ ఏడు దూరం నుంచి చూస్తే పిల్కోమ ఒడ్డు తిరునాళ్ళలా ఉండేది.

బెలార్మినో అడ్డం వచ్చాడు. పక్కకు తోసేశారు. మళ్ళీ వచ్చాడు. ఈసారి కొట్టారు. అప్పుడతను చెయ్యకూడని పని చేశాడు, వచ్చినవాళ్ళ పేర్లు రాసి కంపెనీకి పంపాడు. మా ఊరివాళ్ళు ఇద్దరు పట్నం జైల్లో నలభై రోజులున్నారు. వాళ్ళలో ఒకడు ఒనోఫ్రె రెమోల్కోయ్, మా ఊళ్ళో పెద్ద పడవ ఉన్నవాడు. ఆ కాగితంలో నా పేరు లేదు. గుడికోసమని వదిలేశాడో, పక్క పొలంవాణ్ణని వదిలేశాడో నేనెప్పుడూ అడగలేదు.

ఆ తరవాత బెలార్మినో ఊళ్ళోకి వస్తే పడవలరేవులోనే మొదలుపెట్టేవారు. ఒకరోజు ఒనోఫ్రె దారికడ్డంగా తాడు చుట్టుకుంటూ కూర్చుని, "ఏరా కంపెనీ కుక్కా, అప్పుడే వచ్చేశావేం? అక్కడ ఎముకలు బోలెడున్నాయిగా, జీవితాంతం నాకొచ్చు" అన్నాడు. రేవంతా నవ్వింది. బెలార్మినో తాడు దాటుకుని వెళ్ళాడు. నేను నవ్వలేదు. నవ్వకపోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు కూడా. అతని భార్య ఎర్మిందా ఎవరింటికి ఉప్పుకోసం వెళ్ళినా, పోలీసులనడుగు, వాళ్ళు నీకు లేదనరు అని పంపేసేవారు.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో అతను తన చిన్న పడవలో రెండు నెలల తిండి వేసుకుని పిల్కోమకు తిరిగి వెళ్ళాడు. మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఆ చలికాలం, మాకది మే నుంచి ఆగస్టు దాకా, నేను ఒనోఫ్రె పడవలో చేపలవేటకు పోయేవాణ్ణి. మా దారి పిల్కోమ ముందునుంచే. మే చివర్లో మొదటిసారి చూశాను. గట్టు అంచున, అలలు తాకే చోట ఒక జెండా. పాత జెండాలన్నీ అప్పటికి సామానుతో పాటు వెళ్ళిపోయాయి, అదొక్కటే ఉంది. ఎవడో పట్టాలమీద పాతి ఉంటాడని ఒనోఫ్రె అన్నాడు. బెలార్మినో కనబడలేదు. మమ్మల్ని చూసి ఏ గోడ వెనకో దాక్కుని పేర్లు రాసుకుంటున్నాడని పడవలోవాళ్ళు అనుకున్నారు. ఒకడు టోపీ తీసి ఊపుతూ, "ఒరేయ్, నా పేరు తప్పుల్లేకుండా రాయి" అని అరిచాడు. గాలి మావైపు నుంచి అటు వీస్తోంది. అటునుంచి ఎవరైనా అరిచినా మాకు వినబడదు.

రెండోసారి జూన్‌లో. ముందురోజు ఎర్మిందా ఒక బస్తా మోసుకుని మా ఇంటికొచ్చింది. పిండి, బంగాళాదుంపలు, పొగబెట్టిన ఆలుచిప్పల మాంసం. ఆయన వచ్చే రోజు దాటి రెండు వారాలైందనీ, కంపెనీ పడవ రాలేదని పెద్దదీవిలో అనుకుంటున్నారనీ, ఆ దారినే పోతారు కనక దించి రమ్మనీ అడిగింది. సరేనన్నాను. తిరుగుదారిలో చూస్తే జెండా గట్టు అంచున లేదు. గట్టు సగానికి పైన, గొలుసులు లాగే యంత్రం పక్కన ఉంది. పడవ దగ్గరికి పోనిమ్మని ఒనోఫ్రెకు చెప్పాను. అతను గట్టు మీద విరిగే అలల్ని చూశాడు. "కుక్కకు కూడు పెట్టడానికి నా పడవ బద్దలు కొట్టుకోనా, దోన్ అబెలినో?" అన్నాడు. దోన్ అంటే అయ్యగారు, ఉపదేశినని ఊరంతా నన్ను అలాగే పిలుస్తుంది. అలలున్నమాట నిజమే. గంట కిందట అలాంటి అలల్లోనే మేం వలలు లాగాం. నేను ఇంకోమాట అనలేదు. బస్తా తిరిగి తెచ్చి, సముద్రం ఒప్పుకోలేదని ఎర్మిందాకు చెప్పాను. ఆమె బస్తాను ఒకసారి ఎత్తి బరువు చూసుకుని భుజాన వేసుకుంది.

మూడోసారి జూలై నెలాఖరున. జెండా కాపలావాడి గుడిసె కప్పు మీద ఉంది. ఒనోఫ్రె పగలబడి నవ్వి, కుక్కగూటికి కూడా ఎవడో జెండా పాతాడన్నాడు. అందరూ నవ్వారు. అయితే మనిషి వెళ్ళిపోయినట్టే, లేకపోతే గుడిసె మీద ఎందుకు పాతనిస్తాడు అని ఎవరో అన్నారు. ఆ మాట అన్నది నేనేనేమో. చాలాసార్లు గుర్తు చేసుకోవాలని చూశాను.

పొగ చూశానా అని కూడా నన్ను నేను అడుగుతుంటాను. మా చలికాలపు వానలో పొగా మబ్బూ ఒక్కలాగే ఉంటాయి.

వసంతంలో కంపెనీ ఓడ ఒకటి వచ్చి, పిల్కోమ ముందు లంగరేసి, కూత వేసి, ఎవరూ పలక్కపోతే వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు బెలార్మినో రాగి గొట్టాలన్నీ అమ్ముకుని అర్జెంటీనా పారిపోయాడని పుకారు పుట్టింది. గొర్రెల ఉన్ని కత్తిరించే చోట ఇంకో ఆడమనిషితో ఉండగా ఒనోఫ్రె బంధువెవరో చూశాడన్నారు. ఆ ఆడమనిషికి ఒకరు ఎర్రజుట్టు పెట్టారు, ఇంకొకరు బంగారు పన్ను పెట్టారు. ఎర్మిందా దారిన పోతుంటే, మీ ఆయన ఉత్తరం రాశాడా అని పిల్లలు కూడా అడిగేవారు.

ఆమె నా దగ్గరికి వచ్చింది. మా ఆయన చనిపోయాడు, తొమ్మిది రోజుల జపం చెప్పించండి అంది. ఎలా తెలుసని అడిగాను. "ఆయన నన్నొదిలి పోయే మనిషి కాదని మీకు తెలీదా?" అంది. నాకు తెలుసు. అయినా శవం లేదు, కబురు లేదు, బతికున్నవాడికి మృతుల జపం చెప్పడం పాపం అన్నాను. అది శాస్త్రమే, నేను కల్పించలేదు. కానీ ఆ శాస్త్రం నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళముందు గుడిసె కప్పు మీద జెండా ఆడుతూనే ఉంది. అతను చనిపోయాడని నేనొప్పుకుంటే, ఎక్కడ, ఎప్పుడు అని తరవాతి ప్రశ్న వస్తుంది కదా.

మా దగ్గర నవంబరు రెండున, మృతుల స్మరణరోజున, ప్రతి ఇల్లూ తమ మృతుల పేర్లు కాగితం మీద రాసి ఉపదేశికిస్తుంది. నేను పీఠం ముందు నిలబడి ఒక్కొక్క పేరూ చదువుతాను. పేరు చదవగానే ఆ ఇంటివాళ్ళు మోకరిస్తారు, గుడి అంతా వాళ్ళకోసం పరలోక జపం చెబుతుంది. ఎర్మిందా కాగితంలో ఆమె తల్లి పేరు, తండ్రి పేరు, చివర బెలార్మినో చిగ్వాయ్. మొదటి ఏడు తల్లిదండ్రుల పేర్లు చదివి తరవాతి ఇంటి కాగితం తీశాను. ఆమె మోకాళ్ళ మీద అలాగే ఉంది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. మరుసటి ఏడు మళ్ళీ రాసింది. మళ్ళీ వదిలేశాను. అలా ఏడు నవంబర్లు. పేరు చదవని మృతుడు, పరలోకానికి ముందు పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంలో ఒంటరిగా ఉంటాడని ఆమెకు నేర్పింది నేనే. చిన్నప్పుడు నా దగ్గరే జపాలు నేర్చుకుంది. ఏడోసారి కాగితంలో వేరే పేర్లు లేవు. అతని పేరొక్కటే రాసింది. నేను కాగితం విప్పి, చూసి, మడిచి కింద పెట్టి, ఇంకో ఇంటివాళ్ళది తీశాను. దేవుని పీఠం ముందు ఆ పని చేశాను.

ఆ తరవాతి మార్చిలో ఒకరోజు ఉదయం ఆమె మా గుమ్మంలో నిలబడింది. అప్పటికి పెద్దదీవిలో ఆలుచిప్పలు ఎండబెట్టే పనికి పోయి, తనకంటూ ఒక రెండు తెడ్ల పడవ సంపాదించుకుంది. పిల్కోమకు పోతున్నాను, మీరు రావాలి అంది. నేనెందుకన్నాను.

"నేనొక్కదాన్నే చూసొస్తే మీరు నమ్మరు" అంది. మెట్టు దిగి, "మా ఆయనకు మీరొక రోజు బాకీ" అంది.

డబ్బిచ్చి పని చేయించుకునే అలవాటు మాకు లేదు. నువ్వు నా పొలంలో ఒక రోజు చేస్తే నేను నీ పొలంలో ఒక రోజు చెయ్యాలి. ఇల్లు ఉన్నదున్నట్టు దుంగల మీద ఇంకో చోటికి లాగడానికైనా, దుంపలు తవ్వడానికైనా అంతే. కర్మాగారం మూతపడ్డ ఏడు నా నడుము పట్టేస్తే బెలార్మినో వచ్చి తెల్లవారినప్పటి నుంచి చీకటి పడేదాకా మా దుంపలు తవ్వాడు. ఆ రోజు నేను తీర్చలేదు. జైలు సంగతి జరిగాక అతని పొలంలో దిగినవాణ్ణి ఊరు ఎలా చూస్తుందో నాకు తెలుసు. అతను పిల్కోమకు వెళ్ళిపోయిన శరత్కాలం ఎర్మిందా వచ్చి పిలిస్తే జ్వరమని మా ఆవిడచేత చెప్పించాను. మంచం మీద పడుకుని, పక్క పొలంలో ఆమె ఒక్కతే తవ్వుతున్న చప్పుడు విన్నాను.

పడవెక్కాను. దారంతా ఇద్దరం తెడ్లు వేశాం.

కంపెనీ పోయిన ఎనిమిదేళ్ళలో పిల్కోమలో దాదాపు ఏమీ మిగల్లేదు. షెడ్లు పోయి నేలలో పాతిన మొద్దులున్నాయి. పెద్ద బాన ఒకటి పక్కకు ఒరిగి, తుప్పు చిల్లుల్లోంచి గడ్డి మొలిచింది. గట్టు మీద నాచు పట్టి కాలు నిలవడం లేదు. పలకల సందుల్లో కొవ్వు ఇంకా నల్లగా, తారులా ఉంది. అంత ఎండలోనూ ఆ వాసన నాకు తెలిసింది. ఒడ్డున దవడ ఎముకలూ పక్కటెముకలూ తెల్లబడి, మేం పారేసినవి పారేసినట్టే ఉన్నాయి. గోడ ఉన్న కట్టడం ఒకే ఒక్కటి నిలబడి ఉంది. కాపలావాడి గుడిసె. మంచి దేవదారు పలకలు, ఇనుప పొయ్యి గొట్టం, అద్దం కిటికీ, అన్నీ అలాగే ఉన్నాయి. కప్పులోంచి వెదురు పైకి నిలబడి ఉంది, కొసన రంగుపోయిన గుడ్డపీలిక. ఏడు దీవుల వాళ్ళం మిగతా అంతా మేకులతో సహా పట్టుకుపోయి, దాన్నొక్కదాన్ని వదిలేశాం. జెండా ఉంది కదా.

గట్టు పక్కన బెలార్మినో పడవ బోర్లించి ఉంది. అడుగున రెండు పలకలు లేవు. అవి కుళ్ళి ఊడినవి కావు. మేకులు వంచి లాగేసిన గుర్తులున్నాయి.

తలుపు నేను తోశాను. పొయ్యి పక్కన నేలమీద ఉన్నాడు. గొర్రెతోలు కప్పుకుని ఉన్నాడు, లోపల ఎముకలూ ఉన్ని చొక్కా మిగిలాయి. ఎడమకాలి మోకాలి కింద ఎముక రెండుగా విరిగి ఉంది. దానికి అటూఇటూ జెండా వెదుళ్ళు చీల్చి పెట్టి, ఎర్రగుడ్డ పీలికలతో కట్టుకున్నాడు. కుండలో బూటు తోలు ముక్కలు ఉడికించినవి ఉన్నాయి. ఒక వెదురు పొయ్యి పక్కన నేలలో గుచ్చి, గోడకు ఆనించి, పొయ్యి గొట్టం పక్కన కప్పు కంతలోంచి పైకి దూర్చి ఉంది. కప్పు ఎక్కలేడు కదా. లోపలినుంచే పెట్టాడు.

అప్పుడు నాకు అర్థమైంది. మొదటిసారి గట్టు అంచుదాకా పాక్కుంటూ వెళ్ళి పాతాడు. రెండోసారి యంత్రం దాకానే పాకగలిగాడు. మూడోసారి తలుపు కూడా దాటలేకపోయాడు. అక్కడ ఎరుపు రంగున్న గుడ్డ అదొక్కటే. దూరం నుంచి పడవలకు కనబడుతుందనుకున్నాడు. కనబడింది.

ఎర్మిందా ఏడవలేదు. కుండలోకి చూసింది, కాలి కట్టు చూసింది, పైన కంతలోకి చూసింది.

"మీరు ఈ జెండా చూశారా?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. నేలమీదున్న ఆ మనిషి ముందు అబద్ధానికి నోరు రాలేదు.

"చూశాను."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"బస్తా వెనక్కి తెచ్చిన రోజు?"

"అది రెండోసారి."

"మూడుసార్లూ ఇక్కడే ఉందా, ఈ కప్పు మీదే?"

"లేదు. మొదట గట్టు చివర. తరవాత యంత్రం దగ్గర. తరవాత ఇక్కడ."

ఆమె వెదురు మీద చెయ్యి వేసింది.

"జెండా నడుస్తుందా, అబెలినో?" అంది. "ఎవరూ కదపకుండా నడుస్తుందా?"

నేను తలుపులోంచి గట్టు వైపు చూశాను.

"ఇంకొకడి సామాననుకున్నావు. అనుకో. ఒకసారి అనుకో. రెండోసారి చోటు మారితే, మార్చినవాడెవడని నీకు రాలేదా? పీఠం ముందు నిలబడి నా కాగితం మడిచావే, అప్పుడూ రాలేదా?"

"వచ్చింది" అన్నాను. ఆ ఒక్కమాట నేను ఏ ఫాదరుకూ చెప్పలేదు.

ఆమె దుంపల బస్తా ఒకటి తెచ్చుకుంది, అది పరిచి ఎముకలు ఒక్కొక్కటే తీసి పెట్టడం మొదలుపెట్టింది. నేను చెయ్యి చాపితే నా చెయ్యి పక్కకు తోసింది. మృతుల జపం చెప్పనా అని అడిగాను. ఇంటికెళ్ళాక, అందరి ముందు, తొమ్మిది రోజులూ చెబుతావు అంది. విరిగిన కాలిని కట్టు విప్పకుండా వెదుళ్ళతో సహా పెట్టింది.

రేవులో ఒనోఫ్రె ఉన్నాడు. మమ్మల్నిద్దర్నీ ఒకే పడవలో చూసి, ఏం దోన్ అబెలినో, మొగుడు లేని ఇంటికి తెడ్డు వేస్తున్నావా అని అరిచాడు. ఎర్మిందా బస్తా అతని కాళ్ళ దగ్గర దించి మూతి తెరిచింది. అతను చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు టోపీలు తీశారు. ఒనోఫ్రె తియ్యలేదు.

"రెండు పలకలేగా లాగాం" అన్నాడు. "నలభై రోజులు అక్కడ కూచుంటే మా బాధ తెలుస్తుందనుకున్నాం. కాలు విరగ్గొట్టుకుంటాడని ఎవడు కలగన్నాడు?"

అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. 'లాగాం' అన్నాడు కనక ఇంకెవరున్నారని కూడా అడగలేదు. అక్కడ నిలబడ్డవాళ్ళలో ముగ్గురు నేల చూపులు చూశారు.

తొమ్మిది రోజులూ ఆమె ఇంట్లోనే జపం జరిగింది. వచ్చినవాళ్ళకు భోజనం పెట్టాలి, అది మా పద్ధతి. ఆమె తనకున్న రెండు గొర్రెలనూ పందినీ కోయించింది. ఏడేళ్ళు ఆమెకు ఉప్పు ఇవ్వనివాళ్ళంతా వచ్చి తిన్నారు. పంది బాగా బలిసిందని మెచ్చుకున్నారు. ఒనోఫ్రె కూడా వచ్చాడు. అతని కంచంలో ఆమె రెండోసారి వడ్డించింది. అతను తిన్నాడు. నేను జపమాల తిప్పుతూ ప్రతిరోజూ బెలార్మినో చిగ్వాయ్ ఆత్మకోసం అని గట్టిగా పేరు పలికాను. పలికినప్పుడల్లా ఆమె నావైపు చూసేది. సరిగ్గా వినబడకపోతే మళ్ళీ చెప్పమనేది. నేను మళ్ళీ చెప్పేవాణ్ణి. మా దేవుడు దయగలవాడని ఇరవై ఏళ్ళుగా ఊరికి చెబుతున్నాను. ఆ తొమ్మిది రోజులూ ఆ దయ ఎవరికి అందిందో నాకు తెలియలేదు.

చివరి రోజు అందరూ వెళ్ళాక తలుపు దగ్గర ఆగాను. ఆయనకు నేను బాకీ ఉన్న రోజు, పిల్కోమకు వచ్చాను కదా, అది ఆ కింద చెల్లినట్టేనా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"అది నీ పని" అంది. "దుంపల రోజుకు దుంపల రోజే."

ఏప్రిల్ మొదటి వారంలో, ఇంకా పూర్తిగా తెల్లవారకుండానే పార పట్టుకుని ఆమె పొలంలో దిగాను. పొరుగువాళ్ళు కంచెల దగ్గర నిలబడి చూశారు. రోజు ఇచ్చినవాడి పక్కన ఇంటివాళ్ళు కూడా వంగి తవ్వాలి, మూడుపూటలా పెట్టాలి, మధ్యలో ఆపిల్ కల్లు తెచ్చివ్వాలి. ఎర్మిందా వసారాలో పీట వేసుకుని కూచుంది. పొద్దున రొట్టె తిన్నది, మధ్యాహ్నం నాకు కనబడేలా వేడివేడి దుంపలు ఒలుచుకుని తిన్నది. నన్ను పిలవలేదు. మధ్యాహ్నం నుంచి వాన పట్టింది. నా వయసు అప్పటికి అరవై రెండు. పాత నడుంనొప్పి తిరగబెట్టింది. మోకాళ్ళ మీద కూచుని, చేతులతో మట్టి తవ్వి దుంపలు ఏరాను. ఏరిన బుట్టలు నేనే మోసి వసారా మెట్ల దగ్గర పోశాను. ఆమె ఒక్కొక్క దుంపా తీసి చూసి, పార తగిలి తెగినవాటిని పక్కన పెట్టింది.

మసక చీకట్లో ఆమె లేచి వచ్చింది. చాళ్ళ వెంట నడిచింది. కాలితో మట్టి కదిపి చూసింది. చివరి చాలు దగ్గర ఆగి, ఇంకా అర చాలుందంది. నేను పాక్కుంటూ వెళ్ళి అది కూడా తవ్వాను. ఆమె వానలో నిలబడే ఉంది.

చివరి దుంప బుట్టలో వేసి తలెత్తాను. లేవడానికి చెయ్యి అందిస్తుందేమో అనుకున్నాను. ఆమె బుట్ట అందుకుంది.

"సరే" అంది. "ఆయన రోజు తీరింది. ఇక వెళ్ళు."